ముట్టని ఎర్రన్నం

సకాయ్
2019 సెప్టెంబర్ 12

ఫుసయె అక్కయ్యకు,

ఉత్తరం మొదట్లో వాతావరణం గురించి నాలుగు ముక్కలు రాయాలంటారు. ఇక్కడ ఇంకా ఉక్కపోస్తోంది. ముక్కలు అయిపోయాయి.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. నీకు వినపడదు, నాకు ఓపిక ఉండదు. తొమ్మిదేళ్ళుగా మన మధ్య కొత్త సంవత్సరం కార్డూ వేసవి కార్డూ తప్ప ఏమీ లేవు కదా, కాబట్టి ఉత్తరమే మంచిది. మొన్నటి వేసవి కార్డులో ఒక మూల చీమ తలకాయంత అక్షరాలతో రాశావు, నవంబర్ ఇరవై నాలుగున టీకొట్టు మూసేసి తనాబెలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానని. అంత పెద్ద సంగతి అంత చిన్నగా రాస్తారా ఎవరైనా?

అసలు సంగతికొస్తాను. చలికాలం బట్టల కోసం సొరుగు లాగితే అడుగున ఒక ముద్రల పుస్తకం దొరికింది. మీ దారిలో ప్రతి చిన్న గుడి దగ్గరా పిట్టగూడులాంటి చెక్కపెట్టెలో ముద్ర పెట్టి ఉంటారు కదా, ఆ ముద్రలు వేసుకునే పుస్తకం. అది సయోదే. నేను రైలు డ్రైవరుగా రిటైరైన ఏడు మేమిద్దరం వచ్చాం చూడు, అప్పటిది. హొష్షిన్మొన్ దగ్గర బస్సు దిగి హొంగూ గుడి దాకా ఏడు కిలోమీటర్లు. వెయ్యేళ్ళ యాత్రాదారిలో ఆఖరి ముక్క. పసిపిల్లలు కూడా ఒక్క పూటలో నడిచేస్తారు. సయో మాత్రం సగం దాటి, ఫుషియోగామిలో నీ కొట్టు దాకా వచ్చి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగింది. ఇంకో గంట నడిస్తే గుడి. పుస్తకంలో కూడా నీ ఊరి ముద్రే ఆఖరిది. తర్వాత పేజీ తెల్లగా ఉంది.

ఆ రోజు నేను ముద్ర పెట్టె దగ్గర ఉన్నాను, లోపల మీరిద్దరే ఉన్నారు. నువ్వు ఏదో అన్నావు. ఏమన్నావో సయో నాకు ఇవాళ్టికీ చెప్పలేదు. "అక్క ఏమన్నా అందా?" అని బస్సులో పదిసార్లు అడిగాను. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అందుకే నీకు ఆ కోపం ఉత్తరం రాశాను. ఇప్పుడు కోపం లేదు. కొట్టు మూతపడేలోగా సయోని తీసుకొచ్చి ఆ మిగిలిన గంటా నడిపించాలని ఉంది. అందుకే అడుగుతున్నాను, ఆ రోజు ఏమన్నావు?

ఇంకొకటి. పుస్తకం మొదటి పేజీలో పేరు రాసే చోట సయో పేరు లేదు. "కువానో నొబు" అని ఉంది. రాత సయోదే. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ పేరు నేను వినలేదు. మీ వైపు అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?

తమ్ముడు
తెత్సురో

---

ఫుషియోగామి
సెప్టెంబర్ 20

తెత్సూ,

గట్ల మీద ఎర్ర పూలు విరగబూశాయి. పెద్దల సమాధులు కడిగి వచ్చాను. చూశావా, వాతావరణం ఎలా రాయాలో.

నేనేమన్నానని అడుగుతున్నావా? తొమ్మిదేళ్ళ తర్వాతా? ముందు ఆమె ఏం చేసిందో విను.

నువ్వు ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒక్క స్టేషన్ కూడా తప్పకుండా రైలు నడిపి క్షేమంగా బయటపడ్డావు. పైగా మీరిద్దరూ నా కొట్టుకి రావడం అదే మొదటిసారి. శుభమా కాదా? అందుకని ఎర్రన్నం వండాను. ముందురోజే ఎర్ర చిక్కుడు గింజలు నానేశాను, జిగురు బియ్యం ఆ ఎర్రనీళ్ళలో ఊరబెట్టాను, నీ చిన్నప్పుడు అమ్మ వండినట్టు ఆవిరి మీద ఉడికించాను. నల్ల నువ్వులూ ఉప్పూ చల్లి, పెళ్ళికి తీసే ఎర్ర లక్క గిన్నెలో పెట్టి ముందుంచాను. మీ ఆవిడ ఆ గిన్నె వంక చూసింది. మొహం గోడకి కొట్టిన సున్నంలా అయిపోయింది. చాప్‌స్టిక్స్ ముట్టుకోలేదు. "వదినా, కడుపు బాగాలేదు, క్షమించండి" అని లేచిపోయింది. పక్కింటాయన ట్రక్కులో బస్సు దాకా దిగబెట్టమంది.

అప్పుడు అన్నాను. "పట్నం గొంతులోకి కొండ అన్నం దిగదులే." ఇదే నేనన్నది, ఒక అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. తప్పంటే తప్పే. కానీ శుభానికి వండిన అన్నం తోసేసి వెళ్ళిపోవడం తప్పు కాదా? ఆ మిగిలిన గిన్నెడు అన్నం మూడు రోజులు చల్లగానే తిన్నాను, కోపంతో నములుతూ.

నొబు అనే మనిషి ఇక్కడ లేరు. కువానోలు కూడా లేరు. ఎదురుగా పెళ్ళాన్ని పెట్టుకుని నన్నడుగుతావేం? చల్లకొచ్చి ముంత దాచడం నీకు పుట్టుకతో వచ్చింది.

తీసుకురా. గుమ్మం మీద నిలబెట్టను, నీళ్ళిస్తాను. అన్నం మాత్రం అడిగితేనే పెడతాను.

ఫుసయె

తా.క.: ఇక్కడా, కింద గుడి దగ్గరా ముద్ర పెట్టెల్లో ఎర్రసిరా నేనే నింపుతాను. నేను వెళ్ళాక ఎవరు నింపుతారో తెలియదు. ఆ ఖాళీ పేజీ నిండాలంటే ఇదే అదను.

---

సకాయ్
అక్టోబర్ 1

అక్కయ్యా,

గడబిడ చేశాను. నన్ను తిట్టకుండా చదువు.

సూటిగా అడిగే ధైర్యం లేక, భోజనాల దగ్గర, "అక్క ఇంకా ఆ ఎర్రన్నం గురించే రాస్తోంది, మనం వెళ్ళి ఒక క్షమాపణ పడేస్తే పోతుంది కదా" అన్నాను. నేను తేలిగ్గానే అన్నాను. సయో చేతిలో సూప్ గిన్నె అలాగే ఆగిపోయింది. దాన్ని కింద పెట్టి ఒకే ఒక్క మాట అడిగింది.

"మీ అక్కగారికి ఆ రోజు తెలిసే వండారా?"

"ఏం తెలిసి?" అన్నాను. ఆమె లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

నీకేం తెలుసు అక్కయ్యా? నాకు తెలియనిది నీకేదో తెలుసని ఆమె అనుకుంటోంది. నాకైతే తల తిరుగుతోంది.

మర్నాడు సొరుగు చూస్తే పుస్తకం లేదు. ఎక్కడికో మార్చింది. నేను చూసినట్టు ఆమెకి తెలిసిపోయింది. తెలిసినట్టు నాకు తెలిసిందని కూడా ఆమెకి తెలుసు. మేమిద్దరం మాత్రం వానల గురించీ ముల్లంగి ధర గురించీ మాట్లాడుకుంటున్నాం.

నవ్వకు గానీ, ఈ నొబు మగవాడేమో అనిపిస్తోంది. నొబుయుకి, నొబుహికో, అలాంటి పేరుని ముద్దుగా చివర కొరికేసి రాసుకుందేమో. ఎవరి పేరుతోనో నడుస్తోందంటే ఆ మనిషి మీద ఎంత ప్రేముండాలి! దేవుడి దారిలో ముద్రలు అతని పేరు మీద వేయించింది. పక్కన నేను మంచినీళ్ళ సీసాలు మోస్తూ నడిచాను. అరవై తొమ్మిదేళ్ళ వయసులో ఇదేం అనుమానం అంటావు. నాకూ సిగ్గుగానే ఉంది. కానీ పగలంతా ఇంట్లో కూర్చున్నవాడికి వేరే పనేముంది?

తెత్సురో

---

ఫుషియోగామి
అక్టోబర్ 9

ఒరే పిచ్చి తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒక్కో అర్థం వచ్చింది.

"తెలిసే వండారా" అంటే ఏమిటి? నా గింజలు పుచ్చుపట్టాయని నాకు తెలుసా అనా? పాత బియ్యమా? నేనేదో కావాలని పెట్టకూడనిది పెట్టాననా? యాభై ఏళ్ళుగా యాత్రికులకి వండిపెడుతున్నాను, ఒక్కడికి కడుపునొప్పి రాలేదు. నిన్న ఒక స్పెయిన్ అమ్మాయి నా ఉప్పు రేగిపళ్ళ ఊరగాయ తిని ఏడ్చింది, పుల్లగా ఉందనో బాగుందనో తెలియలేదు గానీ ఇంకొకటి అడిగింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెకే రాద్దామని కలం తీశాను. "సయో, నీకు నా మీద" అని రాసి ఆగిపోయాను. నీ పెళ్ళికి ముందు ఆ పిల్లని చూడటానికి వెళ్ళింది నేనే కదా. అమ్మ నన్ను పంపింది, సంబంధం విచారించి రమ్మని. వాళ్ళ పిన్ని ఇంట్లో టీ ఇచ్చింది. రెండు చేతులతో, కప్పు అడుగున గుడ్డ పెట్టి, తల దించుకుని. అంత ఒద్దికైన పిల్ల ముప్ఫై రెండేళ్ళ తర్వాత నా గిన్నె అలా వదిలేసి వెళ్ళిందంటే ఏదో ఉంది. ఇన్నేళ్ళూ నాకీ ఆలోచన రాలేదు. కోపం ఉన్నచోట ఆలోచనకి చాప దొరకదు.

నొబు మగవాడంటావా? సయోకి ప్రియుడా? ఒరే, నీతో వేగడానికే ఆమెకి తీరిక చాలదు.

నవంబర్ ఇరవై నాలుగు. మర్చిపోకు.

అక్క

---

సకాయ్
నవంబర్ 5, ఎక్స్‌ప్రెస్ పోస్టు

అక్కయ్యా,

సయో లేదు.

పొద్దున లేచేసరికి టేబుల్ మీద కాగితం. "రెండు రోజుల్లో వస్తాను. కూర ఫ్రిజ్‌లో ఉంది. కంగారు పడకండి." ఫ్రిజ్‌లో నిజంగానే కూర ఉంది, రెండు రోజులకి సరిపడా, డబ్బాల మీద పగలు, రాత్రి అని రాసి. నడక బూట్లు లేవు. ముద్రల పుస్తకం ఎక్కడుందో నాకు తెలియదు కాబట్టి అది ఉందో లేదో చెప్పలేను. ఫోన్ బల్ల మీదే వదిలేసింది.

నిన్న రాత్రి నేను నోరు జారాను. "ఆ నొబు ఎవరో చెప్పేస్తే నేనేం అనుకోను" అన్నాను. ఆమె నా వంక చాలా జాలిగా చూసింది. నన్ను ఎవరూ అలా చూడలేదు.

ఆ మనిషి దగ్గరికే వెళ్ళిందా? నాలాంటి మొద్దుతో నలభై ఒక్క ఏళ్ళు వేగింది, ఇంక చాలనుకుందేమో. పోలీసులకి చెప్పాలా? చెబితే "కూర పెట్టి వెళ్ళిన ఆవిడ తప్పిపోవడం ఏమిటండీ" అంటారు.

నీకేమైనా తెలిస్తే వెంటనే రాయి. ఆమె వెళ్ళిపోతే నేను ఈ ఇంట్లో ఉండలేను అక్కయ్యా. ఆ మాట ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

తెత్సురో

---

ఫుషియోగామి
నవంబర్ 6, సాయంత్రం

తెత్సూ,

ముందు కూర్చో. సయో నా దగ్గరే ఉంది. పక్కగదిలో కాళ్ళకి మందుపట్టీలు వేసుకుంటోంది. రేపు మధ్యాహ్నం బస్సుకి బయల్దేరుతుంది. ఫోన్‌లో చెప్పే సంగతి కాదంది, అందుకే ఈ ఉత్తరం తన చేతికే ఇచ్చి పంపుతున్నాను.

నిన్న మూడింటికి తేయాకు మడుల పక్కనుంచి ఒంటరిగా నడిచి వచ్చింది. హొష్షిన్మొన్ నుంచి మళ్ళీ మొదలుపెట్టి, ఇక్కడి దాకా. "వదినా, కొట్టు తెరిచే ఉందా?" అంది. లోపలికి రమ్మన్నాను. ఏం పెట్టాలో మాత్రం తోచలేదు. అన్నం అంటే భయమేసింది. సోబా నూడుల్స్ ఉడికించి పెట్టాను. తిని, చారు కూడా చుక్క మిగల్చకుండా తాగింది. ఇద్దరం ఆ రోజు మాట ఎత్తలేదు. ఇద్దరు ముసలివాళ్ళం టీవీలో పాత సుమో కుస్తీలు చూసి పడుకున్నాం.

ఇవాళ పొద్దున పోస్టాయన నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం తెచ్చాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడలేదు. "నువ్వే చదివిపెట్టమ్మా" అని సయో చేతికిచ్చాను. అందులో ఏముందో నాకేం తెలుసు? చదివింది. "ఆ మనిషి దగ్గరికే వెళ్ళిందా" అన్నచోట ఆగి, నవ్వడం మొదలుపెట్టింది. "మా అమ్మని నాకు ప్రియుణ్ణి చేసేశారు వదినా ఈయన" అంది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది.

"అమ్మేమిటి? మీ అమ్మ నీ చిన్నప్పుడే పోయింది కదా" అన్నాను. ఆమె ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పింది. చెవిలో మిషన్ పెట్టుకుంటే హోరు తప్ప ఏమీ రాదు. చివరికి నా చెవి దగ్గర నోరు పెట్టి కేక వేసింది.

"పోలేదు! తొమ్మిదేళ్ళ కిందటి దాకా బతికే ఉంది!"

నలభై ఏళ్ళు దాచిన మాటని నా చెవుడు మూలంగా అరిచి చెప్పాల్సొచ్చింది ఆ పిల్లకి. అరుగు మీద టీ తాగుతున్న ఇద్దరు విదేశీయులు ఉలిక్కిపడి చూశారు.

సయోకి ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ ఇల్లు వదిలి వేరే మనిషితో వెళ్ళిపోయిందట. ఆవిడే కువానో నొబు. పెద్దయ్యాక సయో వెతికి పట్టుకుంది. ఏడాదికోసారి స్టేషన్ పక్కన నూడుల్స్ కొట్టులో కలుసుకునేవారట, గంటసేపు. నీకు చెప్పలేదు. ఎలా చెబుతుంది? సంబంధం విచారించడానికి వెళ్ళిన నాతో వాళ్ళ పిన్ని "తల్లి లేదండీ, పోయింది" అంది. నేను ఇంటికొచ్చి అమ్మతో "తల్లి లేదు, తక్కినదంతా మచ్చలేని సంబంధం" అన్నాను. ఆ తల్లిని మన ఇంట్లో చంపేసింది నేనేరా తెత్సూ. తర్వాత ఆమె నిజంగా పోయినప్పుడు ఈ పిల్ల ఎవరి ముందు ఏడవాలి?

మీరిద్దరూ ఇక్కడికి వచ్చిన రోజుకి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు పోయిందట. ఈ దారి నడవాలని ఆవిడకి కోరిక, కాళ్ళు సహకరించలేదు. అందుకని పుస్తకం ఆవిడ పేరు మీద రాసి, ఆవిడ బదులు నడవడానికి సయో బయల్దేరింది. నువ్వేమో టిక్కెట్లు కొనేశావు, సంబరంగా ఉన్నావు. మైలలో ఉన్నవాళ్ళు యాభై రోజులు గుడి తోరి ద్వారం కింద అడుగుపెట్టకూడదు కదా. పెట్టగలిగినంత దూరం నడిచి, తోరి ముందు ఏదో సాకు చెప్పి ఆగిపోదామనుకుందట.

అంతలో నేను, తల్లి పోయి తొమ్మిదో రోజున, శుభానికి వండే ఎర్రన్నం ఎర్రగిన్నెలో పెట్టి తినమన్నాను. ఇప్పుడు అర్థమైందా "తెలిసే వండారా" అంటే ఏమిటో? నాకు నిజం తెలిసిపోయిందనీ, అలాంటి తల్లి పోవడం పండగేనని ఎర్రన్నం పెట్టి చెబుతున్నాననీ అనుకుంది. తొమ్మిదేళ్ళు అలాగే అనుకుంది.

నేను ఆమె చేతులు పట్టుకుని బయటికి లాక్కెళ్ళాను. నా పొయ్యికి నలభై అడుగుల దూరంలో ఆ పాత రాయి ఉంది, నీకు తెలుసు. వెనకటికి ఒకావిడ రాజధాని నుంచి నడిచొచ్చి, ఇక్కడికి రాగానే మైలపడ్డానని కూలబడి ఏడ్చిందనీ, దేవుడు కలలోకొచ్చి "నాకు మైల ఏమిటి, రా" అన్నాడనీ చెప్పుకునే రాయి. యాభై ఏళ్ళుగా దాని చుట్టూ ఊడుస్తున్నాను. వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెబుతాను. ఆ ఒక్కరోజు, ఆ కథ కావలసిన ఒక్క మనిషి వచ్చినప్పుడు, అన్నం తినలేదని దెప్పిపొడిచాను.

"ఇక్కడ ఎవరినీ వెనక్కి పంపరు పిచ్చిదానా, ఒక్క మాట చెప్పి ఉంటే" అన్నాను. "చెప్పే మొహం మీరు నాకు ఉంచలేదు వదినా" అంది. కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టు.

కొట్టు మూసి ఇద్దరం నడిచాం. నవ్వకు, నేను ఆ చివరి గంట నడిచి పాతికేళ్ళయింది. ఎప్పుడూ ట్రక్కులోనే కదా దిగేది. దేవదారు చెట్ల మధ్య మెట్ల దగ్గర నా మోకాలు పట్టేసింది. ఆమె కర్ర నాకిచ్చింది. గంట దారికి రెండున్నర గంటలు పట్టింది. తోరి ముందు ఆమె ఆగింది. నేను ముందు దాటి, వెనక్కి తిరిగి చెయ్యి చాపాను. దాటింది. పుస్తకంలో ఆఖరి ముద్ర వేసింది, గట్టిగా, రెండు చేతులతో నొక్కి.

దీనితో పాటు ఎర్రగింజలు ఒక సంచీడు పంపుతున్నాను, ఎలా వండాలో కాగితం మీద రాశాను. వండి పెట్టు. ఈసారి తింటానంది.

నువ్వు రాసిన ఆఖరి రెండు వాక్యాలు కూడా ఆమె పైకి చదివింది. నాకు వినపడనట్టు నటించాను.

నీ అక్క

---

సకాయ్
నవంబర్ 12

అక్కయ్యా,

ఇక్కడ ఉదయాలు చల్లగా ఉంటున్నాయి. మొదటి చలి. బాగుంది.

ఇరవై మూడున మేమిద్దరం వస్తున్నాం. ఈసారి సయో నీళ్ళ సీసాలు మోస్తుందట, నేను ముద్రలు వేసుకోవాలట. నా పేరు మీద పుస్తకం కొనుక్కొచ్చింది.

ఆ రోజు సయో తలుపు తీసుకుని రాగానే నేను "కూర అయిపోయింది" అన్నాను. అంత ఆలోచించి పెట్టుకున్న మాటల్లో అదొక్కటే బయటికొచ్చింది. "తెలుసు" అంది. నీ ఉత్తరం ఇచ్చింది. నేను వంటింట్లో నిలబడి చదివాను. చదవడం అయ్యాక, "ఆవిడకి నూడుల్స్‌లో ఏం ఇష్టం?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. "వేయించిన టోఫు" అంది. అలా మొదలై పొద్దుపోయేదాకా వాళ్ళమ్మ గురించి చెప్పింది. రైలు నడిపినన్నాళ్ళూ ఆ స్టేషన్‌లో రోజుకి నాలుగుసార్లు ఆపేవాణ్ణి అక్కయ్యా. ప్లాట్‌ఫారం చివర ఆ కొట్టు కనిపిస్తూనే ఉండేది.

నొబుగారి ఫొటో ఒకటి ఉంది, బొటనవేలంత. దాన్ని మన పెద్దల పీఠంలో పెట్టాను, అమ్మ పేరుపలక పక్కన. అమ్మ ఏమంటుందో అననీ. వియ్యపురాళ్ళిద్దరూ ఇన్నాళ్ళకి పక్కపక్కన కూర్చున్నారు.

నిన్న నీ కాగితం చూసి నేనే వండాను. అన్నం కాస్త ముద్దయింది. మొదటి గిన్నె పెద్దలకి పెట్టడం మన పద్ధతి కదా అని, నువ్వులు చల్లి, తీసుకెళ్ళి నొబుగారి ఫొటో ముందు పెట్టాను. చేతులు జోడించి వెనక్కి తిరిగితే గుమ్మంలో సయో. మొహంలో ఏదో మారింది.

"చనిపోయినవాళ్ళ ముందు ఎర్రన్నం పెడతారా ఎవరైనా? అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఇదేం బుద్ధండీ!"

 మళ్ళీ అదే తప్పు, అదే గింజలతో. గబగబా గిన్నె తీయబోయాను. ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఉంచండి," అంది. "నా పెళ్ళి నాటి ఎర్రన్నం అమ్మకి అందలేదు."

తెత్సురో